శుక్రవారం పారబొయ్యని బక్కెట్టు

ల్యాబు పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కడపలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు కూర్చుని, లేచేముందు ఒక మాట అడుగుతారు. "సార్, మీ సర్వీసులో మీరు కనిపెట్టిన గొప్ప కేసు ఒకటి చెప్పండి" అని. గొప్ప కేసు ఉంది నాయనా. కానీ దాన్ని నేను కనిపెట్టలేదు. కనిపెట్టాల్సిన నేను దాన్ని చెత్త బక్కెట్టులో పారేశాను. నేను పదేళ్లు వెక్కిరించిన ఒక ఆయమ్మ పట్టింపు వల్ల అది దక్కింది. అది దక్కింది గనక ఒక మనిషి దక్కింది. ఈ సంగతి మీకు నోటితో చెప్తే సగం మింగేస్తానని తెలుసు కాబట్టి, కాగితం మీద పెడుతున్నాను.

నేను పనిచేసింది కర్నూల్లో ఒక ఆసుపత్రి ల్యాబులో. ఏ ఆసుపత్రి అని అడగొద్దు, చెప్పను. అప్పటి వాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులు ఉచితంగా ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది. అంతకుముందు ఆ జబ్బు ఉందని తేలితే ఇంట్లోవాళ్లు ఆశ వదిలేసేవాళ్లు, నిజం చెప్పాలంటే మేమూ వదిలేసేవాళ్లం.

నా పని కల్చర్లు పెట్టడం. అంటే రోగి నుంచి తీసిన రక్తమో, చీమో, కళ్లెయో ఏదైతే అది, దానికి తిండి పెట్టి అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూడటం. మామూలు క్రిములు రెండు రోజుల్లో పెరుగుతాయి. బూజు జాతి జబ్బులకు మాత్రం ఓపిక కావాలి. గాజు గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించిన అగర్ అనే జెల్లీ మీద శాంపిల్ పూసి, మూతికి దూది బిరడా పెట్టి, చెక్క స్టాండులో నాలుగైదు వారాలు నిలబెట్టి కాచుకోవాలి.

కర్నూల్లో ఆ కాచుకోవడమే కష్టం. శివరాత్రి దాటిందంటే చాలు, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఆ దుమ్ములోనూ బూజు ఉంటుంది. అది గొట్టంలో పడి తెల్లగా, దూది పింజలా లేస్తుంది. అట్లా లేచిన గొట్టాన్ని మేము "దుమ్ము బూజు" అని తీసి పారేసి, రిజిస్టర్లో "కలుషితమైనది, మళ్లీ శాంపిల్ పంపగలరు" అని రాసేవాళ్లం. వారానికి పదిహేను, ఇరవై గొట్టాలు అట్లాగే పోయేవి.

దుమ్ము బూజును, రోగి ఒంట్లోంచి వచ్చిన బూజును వేరు చేసేదెట్లా అంటే, ముందు గొట్టం మీద తేదీ చూడాలి. దుమ్ముది మూడు నాలుగు రోజుల్లో లేస్తుంది. ఒంట్లోది వారాలు తీసుకుంటుంది. ఇది ల్యాబులో అడుగుపెట్టిన మొదటి నెలలో నేర్పే పాఠం. నాకు ఆ పాఠం అక్కర్లేదు. నాకు ముక్కుంది.

నవ్వకండి. నాకు పని నేర్పిన పెద్దాయన కడపలో ఉండేవాడు, మూత తీసి వాసన చూసి క్రిమి పేరు చెప్పేవాడు. ఒకదానికి ద్రాక్షపండు వాసన, ఒకదానికి వాన పడ్డ మట్టి వాసన. ఆయన దగ్గర నేనూ అది పట్టుకున్నాను. పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఆ తొమ్మిదే ఊరంతా చెప్పుకుంటాం గదా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. నా ముక్కు మీద నాకున్న నమ్మకం మా మేడమ్ చదువు మీద కూడా ఉండేది కాదు.

మేడమ్ అంటే మా ల్యాబుకు పెద్ద, మైక్రోబయాలజీ డాక్టరు. నెమ్మదస్తురాలు. నేను గొట్టం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడల్లా, "ఆ అలవాటు మానండి, ఏదో ఒకరోజు ప్రమాదం" అనేది. నేను తల ఊపేవాడిని. ఆమె పక్కకు తిరగగానే మళ్లీ చూసేవాడిని.

ఇంకొక సంగతి ఉంది. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. హెచ్ఐవీ వాళ్ల శాంపిల్ వస్తే కాగితం మీద, గొట్టం మీద ఎర్ర గుర్తు పెట్టేవాళ్లం. అట్లా గుర్తు పెట్టకూడదని పైనుంచి చెప్పేవాళ్లు, అయినా పెట్టేవాళ్లం. ఆ గుర్తు ఉన్న గొట్టం చేతికొస్తే నాకు తొందర పుట్టేది. రెండు జతల గ్లౌజులు వేసుకుని, ఎప్పుడు దాన్ని స్టాండులోంచి తీసి వదిలించుకుందామా అన్నట్టుండేవాడిని. చదువుకున్నవాడినే, గాజు గొట్టంలోంచి ఆ వైరస్ ఎగిరొచ్చి కరవదని తెలుసు. తెలిసినా చేతికి తొందరే.

ఇక మా ఆయమ్మ. ఆమెది ఆదోని పక్క పల్లె. నాకంటే నాలుగేళ్లు పెద్ద. గాజు సామాన్లు కడగడం, పారేసిన గొట్టాలను ఆవిరి పాత్రలో ఉడికించడం ఆమె పని. రోజంతా పారేసిన గొట్టాలను ఒక అల్యూమినియం బక్కెట్టులో నిలబెట్టేవాళ్లం. మూడు గంటలకు ఆమె దాన్ని వరండా దాటి వెనక షెడ్డుకు తీసుకుపోయి, ఆవిరి పాత్రలో పెట్టి మూత బిగించేది. అరగంట ఆవిరి తగిలితే ఎంత మొండి క్రిమి అయినా చచ్చిపోతుంది. తర్వాత లోపలిది పారబోసి, గొట్టాలు కడిగేది.

వారంలో ఆరు రోజులు ఇది గడియారంలా నడిచేది. శుక్రవారం మాత్రం నడిచేది కాదు.

"శుక్కురారం పూట ఇంట్లోది బయటికి పారబొయ్యగూడదు సార్" అనేది.

"ఇది ఇల్లా? ల్యాబుమ్మా ఇది! చీము, నెత్తురు, క్రిములు. దీంట్లో లక్ష్మీదేవి ఉంటుందా?"

"లచ్చిమి యాడుంటాదో నీకు తెల్సా, నాకు తెల్సా? ఒగ దినం ఆగితే ఏం మునిగిపాయ? మూత పెట్టినా కదా. రేపు పొద్దున్నే ఉడకబెడతా."

పదేళ్లు ఇదే గొడవ. అరిచాను, బెదిరించాను, ఒకసారి మేడమ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా ఇచ్చాను. మేడమ్ చదివి, నవ్వి, "మూత గట్టిగా పెడుతోంది గదా, ఒక రాత్రికి ఏమీ కాదులెండి" అని పక్కన పెట్టింది. ఆ ఉక్రోషంతో నేను వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు కేసు దగ్గరికి వస్తాను.

ఆ వేసవిలో ఆలూరు వైపు నుంచి ఒక ఆడమనిషి మా ల్యాబు కిటికీ దగ్గరికి రోజూ వచ్చేది. వార్డులో ఉన్నది ఆమె చెల్లెలు. చెల్లెలికి పాతికేళ్లు దాటి ఉంటాయి. ఒక వ్యాపారుల ఇంటికి కోడలుగా పోయింది. భర్త హెచ్ఐవీతో పోయాడు, పోయేముందు ఈమెకూ అంటించి పోయాడు. అత్తగారివాళ్లు ఇంట్లోంచి మంచం తీయించి వెనక గోదాములో వేశారు. కొన్నాళ్లకు అది కూడా ఎక్కువైంది వాళ్లకు, గుడ్డల మూటతో బస్సెక్కించారు. అక్క తన ఇంటికి తెచ్చుకుంది. అక్కది సేద్యం చేసుకునే ఇల్లు, శెనక్కాయ పంట. నోరు మాత్రం కత్తి.

చెల్లెలికి నెలల తరబడి జ్వరం. మనిషి కట్టెపుల్ల అయిపోయింది. నోట్లో పుండు, ముఖం మీద చిన్న చిన్న పొక్కులు. క్షయ అనుకుని ఆరు నెలలు దానికి మందులు వాడారు. జ్వరం తగ్గలేదు. క్షయ కాకపోతే ఇంకేమిటని తేల్చడానికి, తుంటి ఎముకలోకి సూది దింపి లోపలి మజ్జ తీశారు. అందులో సగం గాజు పలక మీద పూసి చూడటానికి వేరే విభాగానికి పోయింది. సగం నా దగ్గరికి కల్చరుకు వచ్చింది. గొట్టం మీద ఎర్ర గుర్తు.

మూడు వారాలు గడిచాయి. అక్క రోజూ కిటికీలో ముఖం పెట్టి, "మా చెల్లిది ఏమన్నా వచ్చినాదా సార్?" అనేది. నేను తల ఎత్తకుండానే "రాలేదు" అనేవాడిని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పోయేముందు స్టాండు చూస్తుంటే, ఆ గొట్టంలో తెల్లగా దూది పింజ. ఎర్ర గుర్తు చూశాను. తేదీ చూడలేదు. తేదీ చూసి ఉంటే ఇరవై రెండో రోజని తెలిసేది. ఒక్క క్షణం బిరడా లాగి వాసన చూశాను. ప్రత్యేకంగా ఏ వాసనా లేదు. "దుమ్మే" అనుకున్నాను. బక్కెట్టులో పడేశాను. రిజిస్టర్లో నా ముత్యాల్లాంటి అక్షరాలతో "కలుషితమైనది" అని రాశాను.

చెయ్యి కడుక్కుంటుంటే కిటికీలో అక్క.

"ఏమీ రాలేదమ్మా. దుమ్ము పడింది. మళ్లీ తీసి పంపాల" అన్నాను.

"మల్లా ఆ సూదా?" ఆమె ముఖం నల్లగా మాడిపోయింది. "ఆ పొద్దు అది అరిచిన అరుపు నా చెవుల్లో ఇంగా ఉండాది సార్. వద్దులే. ఇంగ చాలు. రేపు తెల్లారి బస్సుకు మంత్రాలయం పోతాండాం. రాయర మఠంలో ఇంత నీడలో పండబెడతా. బతికిస్తే ఆ రాయర సామే బతికిస్తాడు, ల్యాకుంటే ఆడనే."

"మీ ఇష్టం" అన్నాను. అన్నానండీ, అంతే అన్నాను. పోయి చక్కగా అన్నం తిన్నాను.

నాలుగున్నరకు వార్డు డాక్టరమ్మ ల్యాబులోకి పరుగెత్తుకొచ్చింది. చిన్న వయసు, చదువైపోయి కొత్తగా వచ్చిన పిల్ల. ఆయాసపడుతోంది.

"సార్, ఆ ఆలూరు పేషెంటు మజ్జ గాజు పలకను ఇంకోసారి చూశారు. కణాల లోపల సన్నటి చుక్కలున్నాయంట. అరుదైన బూజు జబ్బు కావచ్చంటున్నారు. కల్చర్లో ఏమైనా వచ్చిందా?"

"బూజు జబ్బయితే మందు పెట్టెయ్యొచ్చు గదమ్మా?" అన్నాను నేను, తప్పించుకోవడానికి.

"పెద్ద డాక్టరు ఒప్పుకోవడం లేదు సార్. దానికిచ్చే మందు కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఈమెకు కిడ్నీలు ముందే సరిగ్గా లేవు. చుక్కలంటే రంగు గడ్డకట్టినా అట్లాగే కనపడతాయి, ఒట్టి చుక్కలు చూసి ఆ మందు ఎక్కించను, కల్చర్లో వస్తే చూపించండి, ఇప్పుడే మొదలుపెడతాను అన్నారు. మళ్లీ మజ్జ తీద్దామంటే రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోయాయి, సూది వేస్తే ప్రమాదం. వాళ్ల అక్కేమో మూట కట్టేసుకుంది. మీ దగ్గర ఏముంది సార్?"

 రిజిస్టరు తీశాను. శాంపిల్ పెట్టిన తేదీ చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇరవై రెండు రోజులు. దుమ్ము బూజు ఇరవై రెండు రోజులు ఆగదు. మొదటి నెల పాఠం.

గడియారం చూశాను. మూడు ఎప్పుడో దాటిపోయింది. ఈపాటికి అది ఉడికి, చచ్చి, మోరీలో కలిసిపోయి ఉంటుంది. నా జన్మలో అంత పరుగు నేను పరుగెత్తలేదు. వరండాలో స్ట్రెచరు ఒకటి అడ్డం వస్తే తగులుకుని, మోకాలు కొట్టుకుని, లేచి, షెడ్డులోకి పోయి ఆవిరి పాత్ర మీద చెయ్యి పెట్టాను. కాలుతుందనుకున్నాను. చల్లగా ఉంది.

మూత తీసి చూశాను. ఖాళీ.

ఆయమ్మ షెడ్డు అరుగు మీద కూర్చుని ఆకు వక్క వేసుకుంటోంది. "ఏం సార్, ఎవరన్నా తరుముతాండారా?"

"బక్కెట్టు! బక్కెట్టు ఏం చేసినావు?"

"యాడుండాల? ఆడనే ల్యాబులో, బల్ల కింద. అరవద్దు సార్ మల్లా. ఈ పొద్దు శుక్కురారం గదా."

నేను ఆ అరుగు మీద ఆమె పక్కనే కూలబడ్డాను. ఆ కంగారులో ఏ వారమో నాకు తట్టనే లేదు, బల్ల కిందకు వంగి చూడనూ లేదు. పదేళ్లు ఏ మాటకు నేను ఆమె మీద అంతెత్తున ఎగిరిపడ్డానో, ఆ మాట ఆ రోజు నా చెవిలో అమృతం పోసినట్టుంది. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని ఆమె నా వీపు నిమురుతుంటే, ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి నాకు.

బక్కెట్టులో నలభైకి పైగా గొట్టాలున్నాయి. మాది వెతకడం కష్టం కాలేదు. ఎర్ర గుర్తు ఉంది గదా. ఏ గుర్తు చూసి తొందరపడి పారేశానో, ఆ గుర్తు వల్లే ఒక్క నిమిషంలో దొరికింది. బిరడా ఊడలేదు, గొట్టం పగల్లేదు. పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని మేడమ్ గదికి తీసుకుపోయి, జరిగింది చెప్పాను. అంతా చెప్పాననుకునేరు, లేదు. పారేసిన సంగతి చెప్పాను.

మేడమ్ తిట్టలేదు. గొట్టాన్ని దూరం నుంచే చూస్తూ, "ఇది నేననుకుంటున్నదే అయితే, గొట్టంలో పెరిగిన దీని పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీరు మూత తీశారా?" అంది.

"లేదు మేడమ్" అన్నాను.

ఆమె మాస్కు కట్టుకుని, గాలిని లోపలికి లాగేసే అద్దాల పెట్టెలో గొట్టం పెట్టి, నీలం రంగు చుక్కలో కాస్త బూజు కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పలకను అటూ ఇటూ జరుపుతూ వెతికింది. డాక్టరమ్మ గోళ్లు కొరుకుతోంది. ఆయమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. చివరికి మేడమ్ లేచి, అలమరలోంచి లావు పుస్తకం తీసి ఒక బొమ్మ దగ్గర తెరిచి, నన్ను చూడమంది. చూశాను. గుండ్రటి గింజలు, చుట్టూ బొడిపెలు, అచ్చం ఉమ్మెత్తకాయల్లా. పుస్తకంలో బొమ్మా అదే.

"హిస్టోప్లాస్మా" అంది మేడమ్. "నేనూ దీన్ని బొమ్మల్లో తప్ప నిజంగా చూడటం ఇదే మొదలు." పక్కా చేసుకోవడానికి పెద్ద ల్యాబుకు పంపాలని, ఆ జవాబు రావడానికి వారాలు పడుతుందని, మందు మొదలుపెట్టడానికి మాత్రం గాజు పలకలో చుక్కలూ ఇదీ కలిస్తే చాలని చెప్పింది. డాక్టరమ్మ రిపోర్టు మీద సంతకం ఆరకముందే పరుగెత్తింది.

పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది అక్క. డాక్టరమ్మ చెప్తే వినడం లేదని నన్ను వార్డుకు పిలిపించారు. ఇన్నేళ్లలో నేను ఒక రోగి మంచం దగ్గరికి పోవడం అదే మొదలు. గొట్టాలతోనే కాపురం నాది.

మూట కట్టి మంచం కింద పెట్టి ఉంది. అక్క నన్ను చూడగానే లేచింది. "మద్దేనం ఏమీ రాలేదంటివి. ఇప్పుడు వచ్చిందంటావు. ఏం సార్, ఆటలాడతాండారా మాతో? అది మనిషనుకున్యారా, ఏమనుకున్యారు?"

"ల్యాబులో చిన్న పొరపాటు జరిగిందమ్మా" అన్నాను. చిన్నదట! "ఇప్పుడు జబ్బు పేరు తెలిసింది. దీనికి మందుంది. ఒక్క రెండు వారాలు ఉండండి."

"మందుందని ఆరు నెల్ల నుంచి వింటానే ఉండాం" అని ఆమె మూట చేతిలోకి తీసుకుంది.

అప్పుడు మంచం మీద మనిషి కళ్లు తెరిచింది. నేను అప్పటిదాకా ఆమెను సరిగ్గా చూడలేదు. గొంతులో శక్తి లేదు. "అక్కా, ఇన్ని దినాలు ఉంటిమి. ఇంగో పది దినాలు ఉందాం. రాయరు యాడికీ పోడులే."

అక్క మూట కింద పెట్టి, పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మందు సీసా వేలాడదీశారు.

ఆ పన్నెండు రోజులు నేను పడ్డ బాధ చెప్పలేను. యాంఫోటెరిసిన్ అనే ఆ మందు ఎక్కుతుంటే మనిషి మంచం కదిలేట్టు వణికేది. మూడు దుప్పట్లు కప్పి అక్క మీద పడి పట్టుకునేది. అయిదో రోజు కిడ్నీ పరీక్ష ఎక్కువగా వచ్చింది. రెండు రోజులు మందు ఆపారు, సెలైన్లు పెట్టారు, మళ్లీ మొదలుపెట్టారు. నేను పొద్దున వస్తూ, సాయంత్రం పోతూ వార్డు గుమ్మం దగ్గర నిలబడి డాక్టరమ్మను "జ్వరం?" అని అడిగేవాడిని. "ఉంది సార్" అనేది. నేనే ఆమెను మంత్రాలయం పోనీకుండా ఇక్కడ కట్టేసి చంపుతున్నానా అనిపించేది. పన్నెండో రోజు పొద్దున డాక్టరమ్మ నన్ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపింది. నిన్న మధ్యాహ్నం నుంచి జ్వరం లేదు. పొక్కులు ఎండుతున్నాయి. ఇడ్లీ అడిగి తినింది. నేను క్యాంటీనుకు పోయి, షుగరు ఉన్నవాడినైనా, చక్కెర దండిగా వేయించుకుని టీ తాగాను.

ఇంకొక వెర్రి సంగతి. ఆ రోజుల్లోనే నాకు దగ్గు పట్టుకుంది. మేడమ్ అన్న మాట చెవిలో మోగుతోంది, ఊపిరితిత్తుల్లోకి పోతుందని. రాత్రిళ్లు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని లోపల ఉమ్మెత్తకాయలు మొలుస్తున్నాయేమో అని పడుకునేవాడిని. నాలుగో రోజు ఉండబట్టలేక మేడమ్ దగ్గరికి పోయి, "మూత తీశాను మేడమ్. వాసన కూడా చూశాను" అని ఒప్పుకున్నాను. ఆమె ముందు ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. దగ్గు దుమ్ముది! ఒంట్లో శక్తి ఉన్నవాళ్లను ఆ బూజు చాలావరకు ఏమీ చేయలేదని చెప్పి, నాకు ధైర్యం వచ్చాక అప్పుడు తిట్టింది. "దేవుడు ముక్కు ఇచ్చింది ఊపిరి పీల్చుకోవడానికండీ, రిపోర్టులు రాయడానికి కాదు" అంది. ఎర్ర గుర్తుకు భయపడి రెండు జతల గ్లౌజులు వేసుకున్న మొనగాడిని, నిజంగా భయపడాల్సినదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నేను పువ్వును కూడా దూరం నుంచే చూస్తాను.

మరుసటి నెల మేడమ్ గోడ మీద ఒక కాగితం అంటించింది. ఆమె చూడకుండా బూజు గొట్టం ఏదీ పారేయకూడదు. పారేసిన ఏ గొట్టమైనా ఒక రోజంతా మూత పెట్టి ఉంచి, మర్నాడే ఉడికించాలి. గొట్టాల మీద ఎర్ర గుర్తులు ఉండకూడదు. ల్యాబులో అందరూ దాన్ని శుక్రవారం రూలు అనేవాళ్లు. ఆయమ్మకు చదివి వినిపిస్తే, "అయితే ఇంగ వారమంతా శుక్కురారమే" అని తెగ సంబరపడింది. నవ్విన నాప చేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

చెల్లెలు ఇంటికి పోయింది. బూజుకు మాత్రలు, హెచ్ఐవీకి మాత్రలు, రెండూ ఆమె మానకుండా మింగింది. ఈ బూజు గబ్బిలాల రెట్ట పడ్డ మట్టిలో ఉంటుందని మేడమ్ చెప్పాక, అక్క ఒక మాట చెప్పింది. అత్తగారివాళ్లు మంచం వేసిన ఆ గోదాము వాసాలకు గబ్బిలాలు వేలాడేవట. అక్కడే అంటిందని మేము చెప్పలేం. అక్క మాత్రం ఆ ఇంటివాళ్లను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టలేను.

పోయేరోజు అక్క కిటికీ దగ్గరికి వచ్చి, "మీ కడుపు సల్లగుండ, మా చెల్లిని మీరే బతికించిన్యారు సార్" అని చేతులు జోడించింది. నేను "అయ్యో, అదేం లేదమ్మా" అన్నాను. అందరూ అనే మాటే, మర్యాదకు అనే మాట. నిజం చెప్పడానికి అదే అదును. చెప్పలేదు. ఆ దండం ఏడాదికి పైగా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఏడాది దాటాక ఒక పొద్దున ల్యాబు గుమ్మంలో ఒకామె నిలబడింది. పచ్చ చీర, నిండుగా ఉన్న మనిషి, చేతిలో శెనక్కాయల సంచి. నేను గుర్తుపట్టలేదు. వెనకాల అక్కను చూసి గుర్తుపట్టాను.

"మందులకు వచ్చినాం సార్" అంది చెల్లెలు. "నన్ను తినిండేదాన్ని ఒగసారి చూడల్ల అనిపించింది. ఉండాదా ఈడ?"

ఉంది. మేడమ్ గాజు పలకకు నాలుగు వైపులా సీలు వేసి, పిల్లలకు చూపించడానికి దాచిపెట్టింది. మైక్రోస్కోపు కింద పెట్టి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది. "ఇంత సన్నదానికా నేను అంత సచ్చింది?" అక్క కూడా చూసి, "ఉమ్మెత్తకాయ ఉన్నట్టుండాది ముండ" అంది. ఆయమ్మ గుమ్మంలో నిలబడి కడుపుబ్బ నవ్వింది.

ఆ నవ్వులో నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది.

"అమ్మా, మీ అక్క నాకు దండం పెట్టిపోయింది గానీ, అది నాకు చెందదు. ఆ రోజు మధ్యాహ్నం మీ గొట్టాన్ని నేనే చెత్తలో పారేశాను. ఎర్ర గుర్తు చూసి, తేదీ కూడా చూడకుండా పారేశాను. ఈ ఆయమ్మ శుక్రవారమని బక్కెట్టు ఎత్తలేదు గనక దొరికింది. లేకపోతే..."

అక్క నోరు తెరిచింది. కత్తి నోరు అని చెప్పాను గదా, దెబ్బలు తినడానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ చెల్లెలు అక్క చెయ్యి పట్టి ఆపింది. స్టూలు మీద అట్లాగే కూర్చుని కాసేపు నా ముఖం చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మా మామ పారేసినాడు, అత్త పారేసింది, మరుదులు పారేసిరి. గుర్తు చూసి పారేసినోళ్లు నాకు శానామంది ఉండారు సార్" అంది. "పారేసినంక మల్లా ఎతుక్కుంటా ఉరికొచ్చింది మీరు ఒక్కరే."

సంచిలోంచి దోసెడు శెనక్కాయలు తీసి ముందు ఆయమ్మ కొంగులో పోసింది, తర్వాత నా చేతిలో పోసింది. ఆ మధ్యాహ్నం నేను భోజనానికి పోలేదు. ఆయమ్మా నేనూ షెడ్డు అరుగు మీద కూర్చుని అవే ఒలుచుకుని తిన్నాం.